సస్పెన్స్ సినిమాలో దాగిన మనిషి ఎవరు? నిలబడే ఫ్యాన్ థియరీ కట్టే పద్ధతి

సస్పెన్స్ సినిమా అయిపోతుంది, హంతకుడెవరో తెలిసిపోతుంది, అయినా కొందరికి మనసు ఒప్పుకోదు. "ఇతను కాదు, ఇంకెవరో ఉన్నారు" అనిపిస్తూనే ఉంటుంది. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకండి. మంచి థియరీలన్నీ అక్కడే పుడతాయి. కాకపోతే అనుమానం వేరు, థియరీ వేరు. సినిమా చూసిన ఇంకొకరి ముందు పెట్టి, వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ సినిమాలోంచే జవాబు చూపించగలిగినప్పుడు అది థియరీ అవుతుంది.

ఇందులో నేను నొక్కి చెప్పదలచుకున్నది ఒకటే. తెర మీద కనిపించే ప్రతి గుర్తూ కథ వదిలింది కాదు. కొన్ని గుర్తులు షూటింగ్ వదిలిపోతుంది. ఈ రెండింటినీ విడదీయడం రాకపోతే ఎంత కష్టపడి కట్టిన థియరీ అయినా ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది.

ముందుగానే ఒక హెచ్చరిక. ఉదాహరణల కోసం బ్లేడ్ రన్నర్, షట్టర్ ఐలాండ్, ద ప్రెస్టీజ్, ద థింగ్, సైకో, స్లూత్, డీప్ రెడ్, సెవెన్ సినిమాల్లోని రహస్యాలు కొన్ని బయటపెట్టాల్సి వస్తోంది. చూడనివాళ్లు చూసి రండి.

వీటితో పాటు పద్ధతి చూపించడానికి ఒక కల్పిత కథ కూడా వాడతాను. మూతపడిన ఒక సంగీత పాఠశాల. చనిపోయిన గురువుగారి వీలునామా వినడానికి ఐదుగురు పాత విద్యార్థులు వస్తారు. ఆ రాత్రి వాళ్లలో ఒకరు హత్యకు గురవుతారు. లెక్కలు చూసే గుమాస్తా హంతకుడని సినిమా తేలుస్తుంది. మన అనుమానం మాత్రం పియానో సరిచేయడానికి "మొదటిసారి" వచ్చానని చెప్పే ముసలాయన మీద. ఎప్పుడో అగ్నిప్రమాదంలో పోయాడని అందరూ అనుకుంటున్న ఆరో విద్యార్థి ఆయనేనని మన థియరీ.

1. సినిమా చెప్పిన జవాబును ముందు పూర్తిగా రాయండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా తమ థియరీకి వెళ్లిపోతారు. సినిమా ఇచ్చిన జవాబు ఏయే ప్రశ్నలు తీరుస్తుందో తెలియకుండా దానికి ప్రత్యామ్నాయం కట్టలేరు. ఒక కాగితం మీద రాయండి: ఎవరు చేశారు, ఎందుకు, ఎలా, ఆ సమయానికి అక్కడికి ఎలా చేరారు, ఏ అబద్ధాలు ఆడారు. తర్వాత ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు పెట్టండి. కెమెరా చూపించిందా, ఒక పాత్ర నోటితో చెప్పిందా, లేక మీరే ఊహించుకున్నారా?

ఈ మూడింటి బరువు ఒకటి కాదు. మన కథలో "ఆరో విద్యార్థి మంటల్లో పోయాడు" అని గురువుగారి చెల్లెలు చెబుతుంది. శవాన్ని ఎవరూ చూపించలేదు. అంటే అది పాత్ర చెప్పిన మాట మాత్రమే. థియరీకి తలుపు తెరుచుకునేది ఇలాంటి చోటే. అదే కెమెరా శవాన్నీ, ముఖాన్నీ స్పష్టంగా చూపించి ఉంటే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే.

2. రెండోసారి చూడండి, ఈసారి కథ కోసం కాదు

మొదటిసారి సినిమా ఎటు చూపిస్తే అటు చూస్తాం. రెండోసారి, ఎటు చూడొద్దని సినిమా అనుకుందో అటు చూడాలి. మాట్లాడుతున్న మనిషిని వదిలేసి వింటున్న మనిషిని చూడండి. ఫ్రేమ్ అంచులు, అద్దాలు, వెనకాల మసకగా కదిలేవాళ్లు, గోడ మీద ఫొటోలు, ఏదీ వదలొద్దు.

1975లో వచ్చిన డీప్ రెడ్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. హత్య జరిగిన ఫ్లాట్‌లోకి హీరో పరుగెత్తుకుని వెళ్తాడు. నడవాలో గోడలనిండా వింత ముఖాల చిత్రపటాలు. తర్వాత అక్కడ ఏదో పటం మాయమైందని సినిమా అంతా తల బద్దలుకొట్టుకుంటాడు. నిజానికి అతను చూసింది పటం కాదు, అద్దం. అందులో కనిపించింది హంతకురాలి ముఖం. ఆ షాట్‌లో ఆ ముఖం నిజంగానే ఉంటుంది, ఒక్క క్షణం. వెనక్కి వెళ్లి ఆపి చూస్తే కనిపిస్తుంది. ప్రేక్షకుడి కళ్ల ముందే పెట్టి, చూసినా చూడనట్టు దాటించిన దర్శకుడు దారియో అర్జెంటోకు ఈ ఒక్క షాట్ కోసమే దండం పెట్టొచ్చు.

ఇంకో రెండు పనులు చేయండి. కీలకమైన సీన్లను ఒకసారి సౌండ్ ఆపేసి చూడండి, అప్పుడు చూపులు దొరుకుతాయి. ఒకసారి కళ్లు మూసుకుని వినండి, అప్పుడు మాటల్లో తేడాలు దొరుకుతాయి. దొరికిన ప్రతిదానికీ నిమిషం, సెకను రాసుకోండి. టైమ్ రాయని క్లూ తర్వాత మీకే దొరకదు.

3. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది

నా ఉద్దేశంలో మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. వేషం మార్చుకోవచ్చు, గొంతు మార్చుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. తెలిసిన విషయాన్ని తెలియనట్టు ఉంచుకోవడం మాత్రం చాలా కష్టం. దాక్కున్న మనిషి ఎక్కడో ఒకచోట తనకు తెలియకూడని విషయం తెలిసినట్టు ప్రవర్తిస్తాడు. లేదా తెలిసి ఉండాల్సింది తెలియక దొరికిపోతాడు.

ఒక పట్టిక గీయండి. పక్కనుంచి పాత్రలు, పైన సీన్లు. ప్రతి గడిలో ఆ సీన్ అయ్యేసరికి ఆ పాత్రకు కొత్తగా ఏం తెలిసిందో రాయండి. పని విసుగ్గానే ఉంటుంది. కానీ అది పూర్తయ్యాక ఖాళీ గడులే మీతో మాట్లాడతాయి.

మన సంగీత పాఠశాలలో కరెంటు పోయిన సీన్ తీసుకుందాం. అందరూ గోడలు తడుముకుంటూ మెట్లు దిగుతున్నారు. ముసలాయన కూడా దిగుతున్నాడు. పైనుంచి నాలుగో మెట్టు దగ్గర ఆయన కాలు కొంచెం పైకి లేచి, ఆ మెట్టు దాటి, ఐదో దాని మీద పడుతుంది. ఆగలేదు, తడమలేదు. మొదటి పది నిమిషాల్లో అదే మెట్టు మీద లాయరు కాలు ఇరుక్కుని పడబోయాడు. అప్పటికి ముసలాయన ఇంకా రాలేదు. వదులు మెట్టు సంగతి ఆయనకెలా తెలుసు? ఆ గడి ఖాళీగా ఉంది. ఇది క్లూ.

తెలియకపోవడం కూడా ఇంతే గట్టిగా పట్టిస్తుందనడానికి ద ప్రెస్టీజ్ (2006) ఉంది. మ్యాజిక్ ప్రదర్శనలో నీటి తొట్టెలో చనిపోయిన తన భార్య చేతులకు ఏ ముడి వేశావని ఒక ఇంద్రజాలికుడు రెండోవాణ్ని నిలదీస్తాడు. తెలియదంటాడు అతను. విన్నవాడికి ఒళ్లు మండిపోతుంది. చివర్లో అసలు సంగతి బయటపడ్డాక ఆ జవాబు వేరేలా వినిపిస్తుంది. ఆ రెండోవాడు ఒక్కడు కాదు, ఒకే జీవితాన్ని ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటున్నారు. ముడి వేసినవాడు ఇతనే అయ్యుండాలని లేదు. మొండితనంలా కనిపించిన మాట అక్షరాలా నిజం కావచ్చు.

4. ఏ రకం మారువేషమో తేల్చుకోండి

"ఇతను ఇతను కాదు" అంటే సరిపోదు. కవల సోదరుడా, చచ్చాడనుకున్నవాడు తిరిగొచ్చాడా, ఒకే మనిషికి రెండు పేర్లా, ఒకే పేరుతో ఇద్దరు మనుషులా, పోలీసు కాని పోలీసా, తానెవరో తనకే తెలియని మనిషా? ఒక్కో రకం ఒక్కో గుర్తు వదులుతుంది. కవలలైతే జ్ఞాపకాల్లో, ఇష్టాల్లో తేడా. తిరిగొచ్చినవాడైతే ఆ చోటుతో పాత పరిచయం. ఒకే మనిషికి రెండు పేర్లయితే ఆ ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో, ముఖాలు కనిపించేలా, ఎప్పుడూ ఉండరు.

కవలల థియరీ విషయంలో కాస్త గట్టిగా ఉండాలి. డిటెక్టివ్ కథలకు ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాశాడు. పదోది కవలల గురించే. పాఠకుణ్ని ముందుగా సిద్ధం చేయకుండా కవలల్నీ, అచ్చం ఒకేలా ఉండే మనుషుల్నీ దింపకూడదని దాని సారం. సినిమా థియరీకి కూడా దీన్ని వాడుకోండి. పాత ఫొటోలో రెండో పిల్లాడో, పొరపాటున వాడిన బహువచనమో, ఏదో ఒక ముందస్తు సూచన లేకపోతే కవలల థియరీ జోలికి వెళ్లొద్దు. కవలలతో ఏ సినిమానైనా ఎలాగైనా విప్పేయొచ్చు. అందుకే ఆ జవాబుకు విలువ తక్కువ.

5. కథ వదిలిన గుర్తా, షూటింగ్ వదిలిన గుర్తా

సినిమాను నెలల తరబడి, వరస తప్పించి, ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఒకే గదిలో జరిగే సంభాషణలో సగం ఒకరోజు, సగం ఇంకోరోజు తీసి ఉండొచ్చు. గ్లాసులో నీళ్ల మట్టం మారుతుంది, జుట్టు పాపిడి మారుతుంది, గడియారం ముల్లు వెనక్కి వెళ్తుంది. ఇవి కంటిన్యుటీ తప్పులు. ప్రతి తప్పూ రహస్యమే అనుకుంటే ప్రతి సినిమాలో ప్రతి పాత్రా ఇంకెవరో అయిపోతుంది.

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ బ్లేడ్ రన్నర్ (1982). తప్పించుకున్న ఆరుగురు కృత్రిమ మనుషుల్లో ఒకరు కరెంటు షాక్‌తో పోయారని, వాళ్లను వేటాడే హీరో డెకర్డ్‌కు అధికారి చెబుతాడు. డెకర్డ్ వేటాడాల్సింది మాత్రం నలుగురినే. మరి ఐదో వ్యక్తి ఎవరు? "డెకర్డే ఆ ఐదోవాడు" అన్న థియరీ ఏళ్ల తరబడి నడిచింది. అసలు కారణం ఏమిటంటే, స్క్రిప్టులో మేరీ అనే ఇంకో పాత్ర ఉండేది. ఆ పాత్రను తీసేశారు, డైలాగ్ మాత్రం మిగిలిపోయింది. 2007లో వచ్చిన ఫైనల్ కట్‌లో పోయింది ఇద్దరని డైలాగ్ సరిచేశారు.

ఇక్కడితో డెకర్డ్ థియరీ చచ్చిపోలేదు, గమనించండి. 1992 డైరెక్టర్స్ కట్‌లో డెకర్డ్‌కు తెల్లటి ఒంటికొమ్ము గుర్రం కలలా కనిపించే షాట్ చేర్చారు. చివర్లో సహచరుడు గాఫ్ వదిలివెళ్లిన కాగితపు ఒంటికొమ్ము గుర్రం డెకర్డ్ ఇంటి ముందు దొరుకుతుంది. అతని మనసులో ఉన్నది గాఫ్‌కు ఎలా తెలుసు? ఇది లెక్కల తప్పు కాదు. కావాలని తీసిన షాట్, కావాలని పెట్టిన కాగితపు బొమ్మ. పైగా ఇది తెలియకూడనిది తెలిసిన గుర్తు. ఒకే థియరీకి ఒక పనికిరాని ఆధారం, ఒక బలమైన ఆధారం ఉండటమంటే ఇదే. పనికిరానిదాన్ని మీరే తీసి పక్కన పెట్టండి, మిగిలినది ఇంకా గట్టిగా నిలబడుతుంది.

ముసుగు మనిషి కనిపించే సినిమాల్లో ఎత్తు, నడక, చేతులు కొలిచి థియరీ కట్టేవాళ్లకు ఒక మాట. ముసుగులో ఉన్నది చాలాసార్లు డూప్. అర్జెంటో సినిమాల్లో హంతకుడి నల్ల గ్లవ్స్ చేతులు తరచుగా దర్శకుడివే. గొంతుతోనూ ఇదే చిక్కు. సైకో (1960)లో తల్లి గొంతు, ఆమె వేషం వేసుకునే కొడుకుగా నటించిన ఆంథొనీ పెర్కిన్స్‌ది కాదు, వేరే నటులతో చెప్పించి కలిపారు. డబ్బింగ్ వెర్షన్‌లోనో, సబ్‌టైటిల్స్‌లోనో అసలు సినిమాలో లేని క్లూలు కూడా పుట్టుకొస్తాయి, కాబట్టి మాట మీద ఆధారపడిన క్లూను మూలభాషలో ఒకసారి సరిచూడండి.

టైటిల్స్ కూడా అబద్ధమాడతాయి. స్లూత్ (1972)లో ఇన్‌స్పెక్టర్ పాత్రకు ఎలెక్ కాథోర్న్ అనే నటుడి పేరు వేశారు. అలాంటి నటుడే లేడు, ఆ పాత్ర వేసింది మారువేషంలో ఉన్న మైకేల్ కెయినే. సెవెన్ (1995)లో హంతకుడి పాత్రధారి కెవిన్ స్పేసీ పేరు మొదటి టైటిల్స్‌లో అసలు ఉండదు. అంటే టైటిల్స్‌లో పేరుందనో, లేదనో ఎవరినీ కేసులోంచి తప్పించలేరు.

మరి గుర్తు ఎవరిదో తేల్చేదెలా? నేను చూసేది ఒకటే: సినిమా ఆ వస్తువు మీద ముందే ఒకసారి మన దృష్టి పడేలా చేసిందా? వదులు మెట్టు మీద లాయరు పడబోయిన షాట్ ఉంది కాబట్టే ముసలాయన కాలు కథ గుర్తు అయింది. ఆ షాట్ లేకపోతే, "సెట్‌లో ఆ మెట్టు బాగాలేదు, చూసుకుని దిగండి" అని నటుడికి ఎవరో చెప్పి ఉంటారు, అంతే.

6. మీ థియరీని మీరే చంపడానికి ప్రయత్నించండి

ముందు మార్పిడి పరీక్ష. మీ అనుమానితుడి స్థానంలో ఇంకో పాత్రను పెట్టి అవే క్లూలు చదవండి. అంతే బాగా అతికితే ఆ క్లూ ఎవరినీ పట్టించట్లేదని అర్థం. మెట్టు సంగతి పాఠశాల కాపలాదారుకూ తెలుసు. కానీ తాను మొదటిసారి వచ్చానని కాపలాదారు ఎక్కడా చెప్పలేదు. అందువల్ల క్లూ ముసలాయన మీదే నిలుస్తుంది. అదే, "కిటికీలోంచి అదోలా చూశాడు" అన్నది అందరికీ అతుకుతుంది. తీసేయండి.

చూపుల్ని క్లూలుగా తీసుకునేటప్పుడు రష్యన్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగం మర్చిపోవద్దు. నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి స్త్రీ పక్కన చూపిస్తే, ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయన్నారు చూసినవాళ్లు. ముఖం మారలేదు. మీరు ఒకరిని అనుమానించడం మొదలుపెట్టాక వాళ్ల ప్రతి చూపూ దొంగచూపే అవుతుంది.

తర్వాత అదే సినిమాలో ఎదురు ఉదాహరణ వెతకండి. మనుషుల రూపం దాల్చే ఒక జీవి కథ ద థింగ్ (1982). దాని చివర్లో మంచులో ఇద్దరు కూర్చుని ఉంటారు. ఒకరి నోటి ఆవిరి బాగా కనిపిస్తుంది, చైల్డ్స్‌ది సరిగా కనిపించదు, కాబట్టి చైల్డ్స్ మనిషి కాదని పాత థియరీ. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అదే సినిమాలో, జీవి ఆవహించిన బెనింగ్స్ బయట మంచులో దొరికినప్పుడు అతని ఊపిరి ఆవిరి కనిపిస్తుంది. ఆ జీవి ఊపిరి వదులుతుందని సినిమాయే చూపించినట్టు. దానికి తోడు, ఆవిరి కనబడాలంటే వెలుగు తగిన కోణంలో తగలాలి. చైల్డ్స్ మనిషా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆవిరి మాత్రం దానికి జవాబు చెప్పదు.

ఇంకో చిక్కు ఇంతకంటే సూక్ష్మం. క్లూ నిజమైనదే, కావాలని పెట్టినదే, అయినా రెండు థియరీలకూ సమానంగా పనికొస్తుంది. షట్టర్ ఐలాండ్ (2010)లో మానసిక ఆసుపత్రికి దర్యాప్తు కోసం వచ్చిన మార్షల్ (అమెరికా పోలీసు అధికారి) పేరు ఎడ్వర్డ్ డేనియల్స్. ఆ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ చేస్తే, అతను వెతుకుతున్న ఆండ్రూ లేడిస్ పేరు వస్తుంది. పదమూడు అక్షరాలు, ఒక్కటీ మిగలదు. హీరో తానే లేడిస్, ఆ పేరును తానే అల్లుకున్నాడు అంటారు డాక్టర్లు. కాదు, అతను నిజంగానే మార్షల్, డాక్టర్లే అతన్ని పిచ్చివాణ్ని చేశారు అనేది ప్రత్యామ్నాయ థియరీ. పేర్ల ఆట ఎవరి పక్షం? ఎవరో ఒకరు కూర్చుని అక్షరాలు కూర్చారని మాత్రమే అది చెబుతుంది. కూర్చింది రోగా, డాక్టరా అన్నది చెప్పదు.

అందుకే పక్షం తేల్చే క్లూ వేరే వెతకాలి. అదే సినిమాలో ఒక రోగి మంచినీళ్లు అడిగి తాగే సీన్ ఉంది. ఒక షాట్‌లో ఆమె చెయ్యి నోటి దగ్గరకు వెళ్తుంది, చేతిలో గ్లాసు ఉండదు. మరుక్షణం ఖాళీ గ్లాసు టేబుల్ మీద పెడుతుంది. హీరో మనసు నీళ్లను చూడ్డానికి ఒప్పుకోవట్లేదని దీన్ని అర్థం చేసుకోవచ్చు. నీటిలో పోయిన హీరో పిల్లల కథ తెలిశాక ఇది డాక్టర్ల వైపు మొగ్గుతుంది. మార్షల్ థియరీ నమ్మేవాళ్లు, అతనికి మందులు పెట్టారు, అందుకే భ్రమ అంటారు. కానీ మందుల వల్ల వచ్చిన భ్రమ అయితే సరిగ్గా నీళ్లనే ఎందుకు మాయం చేయాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేనంతవరకు నేను డాక్టర్ల వైపే ఉంటాను.

చివరగా లెక్క. మీ థియరీ నిలవాలంటే సినిమా చూపించని సంగతులు ఎన్ని నిజం కావాలి? ముసలాయన మంటల్లోంచి తప్పించుకున్నాడు, ఇన్నేళ్లు వేరే పేరుతో బతికాడు. ఈ రెండూ ఒప్పుకోవచ్చు. మూడోది, గుమాస్తా చేయని నేరం ఒప్పుకున్నాడు. దీనికి కారణం సినిమాలోంచే చూపించాలి. చూపించలేకపోతే థియరీని కుదించండి. "ముసలాయనే ఆరో విద్యార్థి, కానీ హంతకుడు గుమాస్తాయే" అన్నది చిన్న థియరీ, చాలా గట్టి థియరీ.

7. దర్శకుడి మాటకు ఎంత బరువు?

ఇది మీరు మొదటే నిర్ణయించుకుని రాతలో చెప్పేయాలి. డెకర్డ్ కృత్రిమ మనిషేనని దర్శకుడు రిడ్లీ స్కాట్ అన్నాడు. డెకర్డ్ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ మనిషే అని చాలా ఏళ్లు వాదించి, 2023లో మాట మార్చాడు. 2017లో వచ్చిన రెండో భాగం కూడా తేల్చకుండా వదిలేసింది. తీసినవాళ్లకే ఏళ్ల తరబడి ఏకాభిప్రాయం లేనప్పుడు ఇంటర్వ్యూతో వాదం ముగించలేం. సినిమాలో ఉన్నది మొదటి వరస, తీసేసిన సీన్లు, స్క్రిప్టు రెండో వరస, ఇంటర్వ్యూలు మూడో వరస. నేను పాటించే వరస ఇది.

ఏ వెర్షన్ చూశారో కూడా తప్పకుండా రాయండి. "క్లూ" (1985) అనే సినిమా మూడు వేర్వేరు ముగింపులతో వేర్వేరు థియేటర్లలో ఆడింది. ఏ థియేటర్‌లో చూశామన్నదాన్ని బట్టి హంతకుడు మారిపోయే సినిమా అది.

8. రాసేటప్పుడు

పైన స్పాయిలర్ హెచ్చరిక, వెర్షన్. వెంటనే మీ వాదం ఒక్క వాక్యంలో. తర్వాత సినిమా ఇచ్చిన జవాబు, అది ఎక్కడ బాగా అతుకుతుందో నిజాయితీగా. ఆపైన మీ ఆధారాలు, గట్టిది ముందు. పదిహేను క్లూలు ఉన్నా మూడే వాడండి. బలహీనమైన నాలుగోది మొదటి మూడింటి పరువూ తీస్తుంది. ప్రతి క్లూకూ నిమిషం చెప్పండి, చదివినవాళ్లు వెళ్లి చూసుకుంటారు. పాత్ర రహస్యం కోసం నటుల సొంత జీవితాల్లోకి తొంగిచూడొద్దు. అది సినిమా కాదు.

ఆధారాల తర్వాత, ఏది బయటపడితే ఈ థియరీ తప్పని ఒప్పుకుంటారో మీరే రాయండి. మన కథకైతే: "ముసలాయన పగలు ఒకసారి ఆ మెట్లెక్కినట్టు ఏ షాట్‌లో అయినా ఉంటే మెట్టు క్లూ చెల్లదు."

ఎవరో ఆ షాట్ పట్టుకొచ్చారనుకోండి. ముప్పయ్యో నిమిషంలో, వెనకాల మసకగా, పనివాడు ముసలాయనకు ఆ మెట్టే చూపిస్తున్నాడు. అప్పుడు పాత రాతను చెరిపేయకుండా పైన సవరణ పెట్టండి, చూపించిన మనిషికి ఆ గౌరవం ఇవ్వండి. తర్వాత మళ్లీ మీ పట్టిక తీయండి. గురువుగారిని విద్యార్థులు మాత్రమే పిలుచుకునే ముద్దుపేరుతో ముసలాయన ఒకసారి ప్రస్తావించాడు. ఆ పేరు ఆయన ముందు ఎవరూ అనలేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంటే మీ థియరీ బతికే ఉంది, ఈసారి దాన్ని మొదటి ఆధారంగా పెట్టి రాయండి.